గుర్రపు ట్రైలర్ కొంటున్నారా? ముందు మ్యాట్ ఎత్తి చూడండి

పాత గుర్రపు ట్రైలర్ల ప్రకటనల్లో ఫొటోలకు కొదవ ఉండదు. కొత్త రంగు, మెరిసే చక్రాలు, జీనులు పెట్టుకునే గది, లోపల నల్లగా నిగనిగలాడే రబ్బరు మ్యాట్లు, అన్నీ కనిపిస్తాయి. ట్రైలర్ కింద దూరి తీసిన ఫొటో మాత్రం కనిపించదు. మ్యాట్ పైకెత్తి తీసిన ఫొటో అసలే కనిపించదు. కొనేవాళ్ళకు కావలసినవి ఆ రెండే.

డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కో, ప్రాస్పర్, సెలైనా వైపు తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. అక్కడికి దగ్గర్లోనే డెంటన్ కౌంటీలో ఆబ్రీ, పైలట్ పాయింట్ ఊళ్ళు ఉన్నాయి. ఆ ప్రాంతం గుర్రాల పెంపకానికి పేరుపడింది. పిల్లలు వారాంతాల్లో స్వారీ నేర్చుకోవడంతో మొదలైన ముచ్చట, కొన్ని ఇళ్ళలో సొంత గుర్రం దాకా వెళ్తుంది. గుర్రం వచ్చాక పోటీలకో, పశువైద్యుడి దగ్గరికో తీసుకెళ్ళాలంటే ట్రైలర్ కావాలి. కారు, ఇల్లు కొనడంలో మనవాళ్ళకు అనుభవం ఉంది, సలహా చెప్పేవాళ్ళూ బోలెడుమంది ఉన్నారు. ట్రైలర్ దగ్గరికి వచ్చేసరికి అడగడానికి చుట్టాల్లో ఒక్కరూ దొరకరు. రెండు గుర్రాలు పట్టే పాత ట్రైలర్ కొనబోయేవారిని దృష్టిలో పెట్టుకుని ఈ వివరాలు రాస్తున్నాను.

నేల గురించే ఇంత పట్టుదల ఎందుకంటే, గుర్రం దాదాపు 500 కిలోల జంతువు. ఆ బరువులో సుమారు 60 శాతం ముందుకాళ్ళే మోస్తాయి. బ్రేకు వేసినప్పుడు మరికొంత ముందుకు ఒరుగుతుంది. అంత బరువూ నాలుగు చిన్న గిట్టల కింద చెక్క మీద పడుతుంది. కుళ్ళిన పలక విరిగితే కాలు నేరుగా కదిలే రోడ్డు మీదికి దిగుతుంది. ముందు బండి నడిపేవారికి ఆ సంగతి వెంటనే తెలియదు. టైరు పేలితే ఆపి మార్చుకోవచ్చు. ఈ ప్రమాదం జరిగాక మాత్రం దిద్దుకోవడానికి ఏమీ మిగలదు.

మొదట: మీ బండి ఎంత లాగగలదు?

ట్రైలర్ వెతకడానికి ముందే ఈ లెక్క తేల్చుకోండి. రెండు గుర్రాల ఉక్కు ట్రైలర్ ఖాళీగానే సుమారు 3,000 పౌండ్లు ఉంటుంది. ఒక్కోటి 1,100 పౌండ్ల చొప్పున రెండు గుర్రాలకు 2,200. మ్యాట్లు, జీనులు, ఎండుగడ్డి కలిపితే మరో 400 వేసుకోండి. 20 గ్యాలన్ల నీళ్ళు పెట్టుకుంటే అవే 165 పౌండ్ల పైన తూగుతాయి. మొత్తం 5,700 దాటుతుంది.

మన ఇళ్ళ ముందు ఎక్కువగా కనిపించే హోండా ఒడిస్సీ లాగగలిగేది గరిష్ఠంగా 3,500 పౌండ్లు. టయోటా హైలాండర్ అయితే 5,000. రెండూ ఈ పనికి పనికిరావు. "ఒక్క గుర్రమే కదా, దగ్గరికే కదా" అనే వాదన ఏ ఇంట్లోనైనా వస్తుంది. దానికి లొంగకండి. పికప్ ట్రక్కు గానీ, పూర్తి పరిమాణపు ఎస్‌యూవీ గానీ ఉండాలి. అది లాగగలిగే బరువులో అయిదో వంతు మిగులు ఉండేలా చూసుకోవాలి.

ట్రైలర్ ఎడమవైపు ముందు భాగంలో తయారీదారు అంటించిన పట్టీ ఉంటుంది. దాని మీద జీవీడబ్ల్యూఆర్ అన్న అంకె చూడండి. ట్రైలర్, అందులో ఎక్కించినవి అన్నీ కలిపి ఆ బరువు దాటకూడదు. పట్టీ ఊడిపోయినా, అంకెలు చెరిగిపోయినా ఆ ట్రైలర్ మీద మొదటి అనుమానం అక్కడే మొదలవ్వాలి.

ఏ రకం ట్రైలర్?

ఇది త్వరగా తేలిపోయే విషయం. ట్రక్కు వెనక బంతికి తగిలించేది బంపర్ పుల్. ట్రక్కు తొట్టి మధ్యలో తగిలించేది గూస్‌నెక్. రెండు గుర్రాలకు బంపర్ పుల్ చాలు. గుర్రాలు ముందుకు చూస్తూ నిలబడేది స్ట్రెయిట్ లోడ్, ఏటవాలుగా నిలబడేది స్లాంట్ లోడ్. పెద్ద గుర్రమైతే స్లాంట్ లోడ్‌లో ముక్కూ తోకా గోడలకు తగులుతాయి. అందుకే మీ గుర్రం పొడవు కొలిచి చూసుకోండి. లోపలి ఎత్తు ఏడు అడుగులకు తగ్గకూడదు. పడక, వంటగది ఉన్న ట్రైలర్లు కూడా మార్కెట్లో ఉంటాయి. వాటి ధరలు చూసి ట్రైలర్ల మీదే విరక్తి పెంచుకున్నవాళ్ళున్నారు. మీ అవసరం గుర్రానికి నాలుగు గోడలూ ఒక నేలా. అది మరిచిపోకండి.

నేల దేనితో చేశారు?

ఇక్కడ కాస్త నిదానించాలి. నాలుగు రకాలు ఎక్కువగా కనిపిస్తాయి.

మొదటిది రసాయనం పట్టించిన పైన్ చెక్క. రెండంగుళాల పలకలంటారు గానీ కొలిస్తే మందం ఒకటిన్నర అంగుళమే ఉంటుంది. చప్పుడు తక్కువ. అదురు కొంత తనలో ఇముడ్చుకుంటుంది. టెక్సాస్ ఎండలో తారురోడ్డు నుంచి పైకొచ్చే వేడిని గిట్టల దాకా రానివ్వదు. పాడైతే పాడైనట్టు చెబుతుంది, పలక మార్చుకుంటే సరిపోతుంది. ఓక్ చెక్కతో వేసినవీ ఉంటాయి. ఓక్ అయితే అది తెల్ల ఓకా, ఎర్ర ఓకా అని అడగండి. తెల్ల ఓక్ రంధ్రాలు సహజంగానే పూడుకుపోయి ఉంటాయి కాబట్టి తడి లోపలికి అంత తేలిగ్గా దిగదు. ఎర్ర ఓక్ ముక్కను ఒక కొస నీళ్ళలో ముంచి రెండో కొసన ఊదితే బుడగలు వస్తాయి. ట్రైలర్ నేలకు అది తగదు.

రెండోది అల్యూమినియం. కుళ్ళదు, తుప్పు పట్టదు అని అమ్మేవాళ్ళు చెబుతారు. ఆ మాటలో సగమే నిజం. గుర్రపు మూత్రంలోని యూరియా విడిపోయి అమ్మోనియా అవుతుంది. అది క్షారం. అల్యూమినియం మీద సహజంగా ఉండే రక్షక పొరను క్షారం తినేస్తుంది. మ్యాట్ కింద కడగకుండా వదిలేస్తే తెల్లటి పొడి, దాని కింద సన్నని గుంటలు ఏర్పడతాయి. చెక్కయినా మెత్తబడి హెచ్చరిస్తుంది. అల్యూమినియం చూపుకు బాగానే ఉంటూ లోపల పలుచబడుతుంది. పైగా వేడిని తేలిగ్గా పైకి పంపిస్తుంది కాబట్టి మంచి మ్యాట్ తప్పనిసరి. కడిగే ఓపిక ఉన్నవారికి మాత్రం ఇది మంచి నేలే.

మూడోది పాత టైర్ల రబ్బరు, ప్లాస్టిక్ కలిపి పలకలుగా పోసింది. రంబర్ అన్న పేరుతో ఎక్కువ మందికి తెలుసు. నీళ్ళకు కుళ్ళదు, జారదు, విడిగా మ్యాట్ అవసరం లేదు. బరువెక్కువ. చెక్కకన్నా వంగే గుణం ఎక్కువ కాబట్టి కింది అడ్డదూలాలు దగ్గరదగ్గరగా ఉండాలి. ఎవరైనా తరువాత వేయించి ఉంటే దూలాల మధ్య దూరం కొలవకుండా నమ్మకండి.

నాలుగోది పైన పిచికారీ చేసిన రబ్బరు లాంటి పూత. ఫ్యాక్టరీలో కొత్త నేల మీద వేసిందైతే ఫరవాలేదు. పాత నేల మీద అమ్మకానికి ముందు వేసిందైతే అది మసిపూసి మారేడుకాయ చేసిన వ్యవహారం అనుకోవడమే క్షేమం. కింద ఏముందో చూసే దారి లేకుండా చేశారన్నమాట.

నా ఓటు ఉక్కు చట్రం మీద వేసిన పైన్ చెక్కకే. అందులో గొప్పదనం ఏమీ లేదు. పాడైతే కంటికి కనబడుతుంది, చేతికి తెలుస్తుంది, ఆరిన పలకలు చేతిలో ఉంటే శనివారం మొదలుపెట్టి ఆదివారానికి బాగు చేసుకోవచ్చు. ఇంతకన్నా ఏం కావాలి?

చట్రం విషయంలో ఒక చిక్కు ఉంది. చాలా ట్రైలర్లకు చట్రం ఉక్కుతోనూ, పై రేకు అల్యూమినియంతోనూ ఉంటుంది. ఈ రెండు లోహాలు నేరుగా తగులుతూ మధ్యలో తడి చేరితే అల్యూమినియం తొందరగా తినిపోతుంది. మంచి తయారీదారులు మధ్యలో పొర వేస్తారు. అతుకుల దగ్గర రంగు ఉబ్బినట్టు బుడగలు కనిపిస్తే ఆ పొర లేదనో, చిరిగిందనో లెక్క.

చూడటానికి వెళ్ళేముందు

అమ్మేవారికి ఫోను చేసి రెండు మాటలు అడగండి. "చివరిసారి మ్యాట్లు ఎప్పుడు తీశారు?" "నేను వచ్చినప్పుడు తీసి చూడవచ్చా?" మొదటి ప్రశ్నకు నెలో, ఋతువో చెబితే మంచిది. నవ్వి మాట దాటేస్తే మీకు జవాబు దొరికినట్టే. "మ్యాట్లు అతికించేశాం, తీయడానికి కుదరదు" అంటే ఆ ప్రయాణం మానుకోండి, పెట్రోలు మిగులుతుంది. అలాగే ఆ ట్రైలర్ అంతకుముందు ఏ రాష్ట్రంలో తిరిగిందో అడగండి. ఒహాయో, మిషిగన్, న్యూయార్క్ వంటి చోట్ల చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు కింది ఉక్కును తినేస్తుంది. హ్యూస్టన్ వైపు నుంచి వచ్చిందైతే 2017లో హార్వీ తుఫాను నాటి వరదలో మునిగిందేమో కనుక్కోండి.

వెంట తీసుకెళ్ళవలసినవి: మంచి వెలుగునిచ్చే టార్చి, పొడవాటి స్క్రూడ్రైవర్, చిన్న సుత్తి, అయస్కాంతం, కొలత టేపు, కింద పడుకోవడానికి పెద్ద అట్టముక్క, పాత బట్టలు. తోడుగా ఒక మనిషి కూడా ఉండాలి. ముప్పాతిక అంగుళం మందమున్న నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు మ్యాట్ ఒక్కటే 100 పౌండ్ల దాకా తూగుతుంది. ఒక్కరే లాగితే నడుం పట్టేస్తుంది.

పైనుంచి పరీక్ష

మ్యాట్లు పూర్తిగా బయటికి లాగేయండి. ఒక మూల ఎత్తి "చూశారుగా, బాగుంది" అంటే ఒప్పుకోకండి. లద్దె, రంపపు పొట్టు ఊడ్చేయండి. ముందు వాసన చూడండి. మూత్రం వాసన గుర్రపు ట్రైలర్‌లో ఉండేదే. మురిగిన ఆకుల వాసన లాంటిది వస్తే అది చెక్కకు పట్టిన బూజు.

ఎక్కడ చూడాలన్నది గుర్రం నిలబడే తీరును బట్టి తెలుసుకోవచ్చు. ఆడగుర్రం మూత్రం వెనక్కి పడుతుంది కాబట్టి స్ట్రెయిట్ లోడ్‌లో వెనక తలుపు దగ్గరి పలకలు ముందు పాడవుతాయి. మగగుర్రాలు నిలబడిన అరలో నడిమి పలకలు దెబ్బతింటాయి. స్లాంట్ లోడ్‌లో గుర్రాల పిరుదులు ఉండే గోడ వారగా, మూలల్లో తడి చేరుతుంది. వాన నీళ్ళు మాత్రం అన్నింటిలోనూ వెనక తలుపు గడప దగ్గరే నిలుస్తాయి.

ఇప్పుడు స్క్రూడ్రైవర్ తీయండి. మొన పలకలో గుచ్చి, ఏటవాలుగా పైకి మీటండి. గట్టి చెక్కయితే మొన కొద్దిగానే దిగుతుంది. మీటినప్పుడు నారవెంట పొడవాటి పేడు లేస్తుంది, చిటపటమని చప్పుడవుతుంది. చీకిన చెక్కయితే మొన మెత్తగా లోపలికి జారుతుంది, మీటితే చప్పుడు లేకుండా పొట్టి పెంకులుగా అడ్డంగా తెగిపోతుంది. ఈ తేడా ఒకసారి చేతికి తెలిస్తే ఇక మరిచిపోలేరు. నడిమధ్యలో పొడిచి ఊరుకోకండి. ప్రతి పలకకూ రెండు కొసల్లో, గోడవార అంచుల్లో, మేకులు లేదా బోల్టులు దిగిన చోట, పలకకూ పలకకూ మధ్య సందుల్లో పొడవండి. అమ్మేవారు చిన్నబుచ్చుకోవచ్చు. వాళ్ళ చెక్క గట్టిదైతే ఒరిగేదేమీ లేదు.

పలకల మధ్య సన్నని సందు ఉండాలి. నీళ్ళు కిందికి పోవాలంటే అదే దారి. సందుల్లో లద్దె గట్టిపడి పూడుకుపోయి ఉంటే అక్కడ తడి ఏళ్ళతరబడి నిలిచిందని అర్థం.

అల్యూమినియం నేలయితే నీళ్ళతో కడిగించి ఆరనివ్వండి. తెల్లటి పొడి ఉన్నచోట గీకండి. గుంట లోతును స్క్రూడ్రైవర్ మొనతో తడిమి చూడండి. అక్కడక్కడ పైపై గరుకుదనం పెద్ద విషయం కాదు. మొన దిగబడే గుంటలున్నా, నేల దూలాన్ని కలిసే అతుకు దగ్గర వెంట్రుకలాంటి చీలిక ఉన్నా వదిలేయండి. అల్యూమినియం అతికే వెల్డర్లు తక్కువ, వాళ్ళ కూలీ ఎక్కువ.

కిందినుంచి పరీక్ష

ఎక్కువమంది వదిలేసేది ఇదే. అసలు విషయం ఉండేదీ ఇక్కడే. నేల అంటే పలకలు మాత్రమే కాదు. పలకల్ని మోసే ఉక్కు దూలాలు కూడా నేలే.

ముందు జాగ్రత్త. ట్రైలర్ ముక్కు, అంటే ముందు కొస దగ్గరి జాకీ మీద మాత్రమే నిలబెట్టిన ట్రైలర్ కిందికి ఎవరూ వెళ్ళకూడదు. ట్రక్కుకు తగిలించి ఉండాలి, చక్రాలకు ముందూ వెనకా చెక్కముక్కలు పెట్టాలి.

అట్ట వేసుకుని వెల్లకిలా పడుకుని టార్చి వేయండి. అడ్డంగా వరసగా ఉక్కు దూలాలు కనిపిస్తాయి. వాటి మధ్య దూరం కొలవండి. 12 నుంచి 16 అంగుళాలుంటే మంచిది. 24 దాకా వెళ్ళిందంటే ఖర్చు మిగిల్చుకున్న తయారీ అన్నమాట. చెక్క ఎంత గట్టిదైనా అంత దూరం మధ్యలో ఆసరా లేకుండా మోస్తోందని గుర్తుంచుకోండి.

తుప్పు చూడగానే కంగారు పడవద్దు. వేలితో రాస్తే నారింజ రంగు పొడి అంటుకుంటే అది పైపై తుప్పు. బ్రష్‌తో గీకి రంగు వేస్తే పోతుంది. స్క్రూడ్రైవర్‌తో గీకినప్పుడు పెచ్చులు పెచ్చులుగా, పొరలు పొరలుగా ఊడుతుంటే మాత్రం ఉక్కు మందం తగ్గిపోయింది. సుత్తితో ప్రతి దూలాన్నీ కొట్టండి. గట్టి ఉక్కు ఖంగుమంటుంది. తినిపోయినది దబ్బుమని మొద్దుగా పలుకుతుంది. ముఖ్యంగా రెండు చోట్ల ఎక్కువసేపు చూడండి: పలకల అంచులు ఆనే పక్క యాంగిల్ (ఎల్ ఆకారపు ఉక్కు పట్టీ), దూలం చివర చట్రానికి వెల్డింగ్ చేసిన చోటు. చెక్కకూ ఉక్కుకూ మధ్య చేరిన తడి ఎండదు కాబట్టి తుప్పు అక్కడ దాక్కుంటుంది.

పదిహేనేళ్ళ ట్రైలర్‌కు కింద తాజా నల్లరంగు నిగనిగలాడుతుంటే సంతోషించకండి. రంగు వేయడం తప్పు కాదు. నిన్నో మొన్నో, అమ్మబోయేముందు, తుప్పు గీకకుండా పైన పూసేస్తే అది తప్పు. గీకి చూడండి.

మీరు కిందే ఉండి, వెంట వచ్చిన మనిషిని పైన నడవమనండి, మూలల్లో మడమతో గట్టిగా తొక్కమనండి. ఏ పలక కిందికి వంగుతుందో, ఎక్కడ పొడి రాలుతుందో కింద ఉన్నవారికే కనిపిస్తుంది. కళ్ళకు అద్దాలు పెట్టుకుంటే మంచిది. రాలేది ఎండిన లద్దె.

అయస్కాంతం పని బయట. పక్క రేకులు, చక్రాల పైకప్పుల మీద నెమ్మదిగా జరపండి. ఉక్కు రేకు మీద ఒకచోట పట్టి పక్కనే పట్టు వదిలేస్తే అక్కడ తుప్పు చిల్లును లప్పంతో పూడ్చి రంగేశారు. రేకు మొత్తానికీ పట్టకపోతే అది అల్యూమినియమో ఫైబరో, దానికి వేరే లెక్క.

ఎక్కడ బేరమాడాలి, ఎక్కడ దండం పెట్టి రావాలి

పలకలు చీకిపోయి, దూలాలు ఖంగుమంటుంటే ట్రైలర్‌ను వదులుకోనక్కర్లేదు. ధర తగ్గించమనండి. ఆరడుగుల వెడల్పు ట్రైలర్‌కు పది పలకల వరకు పడతాయి. ఆ చెక్క ఖరీదు, మీ శ్రమ కలిపి లెక్కవేసి చెప్పండి. అమ్మేవారికి కూడా విషయం తెలిసే ఉంటుంది కాబట్టి బేరం కుదురుతుంది. అలాంటి ట్రైలర్ కొంటే కొత్త నేల ఎలా వేశారో మీకు తెలుసన్న నిశ్చింత అదనం.

పలకలు కొత్తవై, దూలాలు పెచ్చులూడుతుంటే అది పైన పటారం, లోన లొటారం. పళ్ళికిలించి థ్యాంక్స్ చెప్పి వచ్చేయండి. "వెల్డింగ్ చేయించుకుంటే సరి" అని వాళ్ళు అంటారు. ఒక దూలమైతే నిజమే. వరసగా మూడు నాలుగు పోయాయంటే మిగతావి కూడా అదే దారిలో ఉన్నాయి. ఆ ఖర్చుతో మరో ట్రైలర్ వస్తుంది.

మధ్యరకం ఉంటే, అంటే ఒకటి రెండు చోట్ల అనుమానం ఉంటే, ట్రైలర్లు బాగుచేసే షాపులో డబ్బిచ్చి చూపించండి. వేల డాలర్ల కొనుగోలు ముందు ఆ ఫీజుకు వెనకాడటం మన బలహీనత. ఇల్లు కొనేటప్పుడు ఇన్‌స్పెక్షన్ చేయించినట్టే ఇదీ.

మిగతావి

ర్యాంప్, అంటే గుర్రం ఎక్కే వాలు తలుపు ఉంటే దాని చెక్కకూ ఇదే స్క్రూడ్రైవర్ పరీక్ష చేయండి. చాలా ర్యాంపుల లోపల ప్లైవుడ్ ఉంటుంది, నేలకన్నా ముందు అదే పోతుంది. కీళ్ళ దగ్గర చీలికలు చూడండి. గుర్రాన్ని కట్టే రింగుల్ని, మధ్య అడ్డుగోడ పిన్నుల్ని గట్టిగా గుంజండి. అడ్డుగోడ ఒక్క చేత్తో, తొందరలో కూడా తెరుచుకోవాలి.

టైర్ల అంచు మీద డాట్ అన్న అక్షరాల తరువాత చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. ట్రైలర్ టైర్లు అరగకుండానే ముసలివైపోతాయి. అయిదారేళ్ళు దాటినవాటిని మార్చే ఖర్చు ధరలో తగ్గించుకోండి.

టెక్సాస్‌లో మొత్తం బరువు 4,500 పౌండ్లు దాటే ట్రైలర్‌కు బ్రేకులుండాలి. రెండు గుర్రాలతో ఆ బరువు దాటడం ఖాయం. మీ ట్రక్కుకు తగిలించి, నెమ్మదిగా నడుపుతూ, ట్రక్కులో ట్రైలర్ బ్రేకుల కోసం ఉండే కంట్రోలర్ మీట ఒక్కటీ నొక్కి చూడండి. ట్రైలర్ వెనక్కి లాగినట్టు తెలియాలి. ట్రైలర్ ఊడిపోతే తనంతట తానే బ్రేకు వేసే తీగ, దాని బ్యాటరీ పనిచేస్తున్నాయో లేదో కూడా చూడండి. ఆ బ్యాటరీ చాలా పాత ట్రైలర్లలో ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది.

కాగితాల విషయంలో, చట్రం మీద చెక్కిన విన్ నంబరు (ట్రైలర్ గుర్తింపు సంఖ్య), పట్టీ మీదిది, టైటిల్ (యాజమాన్య పత్రం) మీదిది ఒక్కొక్క అంకె చొప్పున పోల్చండి. టైటిల్ మీద ఉన్న పేరూ అమ్మే మనిషి పేరూ ఒకటి కాకపోతే డబ్బు ఇవ్వకండి. కౌంటీ ట్యాక్స్ కార్యాలయానికి ఇద్దరూ కలిసి వెళ్ళి టైటిల్ మార్పు కోసం పెట్టే 130-యు ఫారం అక్కడే ఇవ్వడం అన్నింటికన్నా శుభ్రమైన పద్ధతి.

పలకలు మీరే మార్చాల్సి వస్తే

కలప దుకాణంలో ప్రతి పలక కొసనా చిన్న ప్లాస్టిక్ చీటీ కొట్టి ఉంటుంది. దాని మీద "గ్రౌండ్ కాంటాక్ట్" అని ఉన్నదే తీసుకోండి. నేలను తాకుతూ ఉండే వాడకానికి రసాయనం ఎక్కువ పట్టించిన రకం అది. వాడబోయే ముందు కొన్ని వారాలు నీడలో సందులిచ్చి పేర్చి ఆరనివ్వండి. పచ్చిగా బిగిస్తే ఎండాక ముడుచుకుని సందులు పెద్దవైపోతాయి. ముడులు తక్కువున్న పలకలు ఏరుకోండి. ముడి ఉన్నచోటే పలక విరుగుతుంది.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 2003 చివరి దాకా ఇళ్ళకు అమ్మే చెక్కకు ఆర్సెనిక్ ఉన్న రసాయనం పట్టించేవారు. తరువాత దాని స్థానంలో రాగి ఎక్కువగా ఉండే రసాయనాలు వచ్చాయి. ఆ రాగి మామూలు ఉక్కునూ, అల్యూమినియంనూ తొందరగా తినేస్తుంది. కాబట్టి పాత పలకలు తీశాక దూలాలు గీకి, తుప్పు నిరోధించే రంగు రెండు పూతలు వేసి, పైన బ్యుటైల్ టేపు (తడి చొరనివ్వని జిగురు రబ్బరు పట్టీ) అంటించి, ఆ తరువాతే కొత్త పలక పెట్టాలి. బోల్టులు వేడి జింకు పూతవి గానీ, స్టెయిన్‌లెస్ స్టీలువి గానీ వాడాలి. సాదా మేకులతో కొట్టిన నేల ఊడటానికి ఎక్కువ కాలం పట్టదు.

పలకలు ట్రైలర్ పొడవునా, దూలాలకు అడ్డంగా పరవండి. మధ్యలో పావు అంగుళం సందు వదలండి. అంతే మందమున్న చెక్కముక్కను కొలతగా పెట్టుకుంటే సమానంగా వస్తుంది. పాత పలకల్లో గట్టివి ఉన్నాయి కదా అని వాటిని ఉంచేసి, పోయినవే మార్చడం మంచిది కాదు. అన్నీ ఒకే వయసువి, ఒకే తడి తిన్నవి.

కొన్నాక

దూరం వెళ్ళివచ్చిన రోజే లద్దె, తడిసిన పొట్టు ఊడ్చేయండి. రంపపు పొట్టు మెత్తగా ఉంటుందని దాన్ని వారాలతరబడి వదిలేస్తారు. తడిని పట్టుకుని ఉంచేది అదే. మ్యాట్ అంచు పైకి లేపి కింద ఇటుకో, చెక్కముక్కో పెట్టి గాలి ఆడనివ్వండి. ఏడాదికి రెండుసార్లయినా మ్యాట్లు మొత్తం బయటికి తీసి, నీళ్ళు, సబ్బుతో కడిగి పూర్తిగా ఆరాకే తిరిగి వేయండి. అల్యూమినియం నేలయితే ఇంకా తరచుగా చేయాలి, సున్నం మాత్రం చల్లకండి. వాసన పోతుందని కొందరు చల్లుతారు. అది కూడా క్షారమే.

వాడకుండా నిలిపిన ట్రైలర్ వాడేదానికన్నా త్వరగా పాడవుతుంది. గడ్డిలో నిలిపితే కిందినుంచి రాత్రంతా చెమ్మ ఎక్కుతూనే ఉంటుంది. కంకర మీదో, కాంక్రీటు మీదో, వీలైతే కప్పు కింద నిలపండి. ముక్కు భాగం కాస్త ఎత్తులో ఉంచితే నీళ్ళు వెనక గడప మీదుగా పోతాయి. మార్చిన చక్రాలుంటే మొదటి 50 మైళ్ళ తరువాత ఆగి నట్లు మళ్ళీ బిగించండి. మ్యాట్లు తీసి కడిగిన ప్రతిసారీ అదే స్క్రూడ్రైవర్‌తో మూలలూ గడపా పొడిచి చూసి, తేదీతో పాటు కింది దూలాల ఫొటో ఒకటి తీసి ఫోనులో పెట్టుకోండి. రేపు మీరు అమ్మేటప్పుడు ప్రకటనలో పెట్టడానికి పనికొస్తాయి.